సూది వేయించిన రోజు

గోక్కుని గోక్కుని కుక్క చెవుల వెనక పుండ్లు పడ్డాయి. దానికి పుప్పొడి పడదన్నాడు అమెరికాలో వాళ్ళుండే బెంటన్‌విల్ ఊరి పశువుల డాక్టరు. స్టెరాయిడ్ సూది వేస్తే దురద తగ్గుతుందట. కాని వేస్తూ పోతే ఆయుష్షు తరుగుతుందట.

"సూది వద్దు. ఉన్నన్నాళ్ళు ఉండనీ," అన్నాడు సత్యానందం.

"ఇలా గోక్కుంటూనా? మీ కోసం ఉండాలా అది?" అంది భార్య దీనమ్మ.

అతను చాలాసేపు కుక్కని చూశాడు. చివరికి వెయ్యమన్నాడు.

దారంతా కుక్క వెనక సీట్లో కదలకుండా నిద్రపోయింది. అలా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో.

ఇంటి ముందు కారు ఆగినా దీనమ్మ దిగలేదు.

"దానికి ఒప్పుకున్నారు కదండీ," అంది. "రేపు ఆసుపత్రిలో నాక్కూడా ఒప్పుకోండి. ఇంక కీమో వద్దని మీరే చెప్పండి."