మీసాల్లో నవ్వు

లైబ్రరీ హాల్లో డ్రైవరు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. గోడల నిండా యుద్ధం నాటి ఫొటోలు. ఎవరి మనిషి ఉన్న ఫొటో కింద ఆ ఇంటివాళ్లే పేరు చీటీ అంటించాలి. కాసేపట్లో సన్మానం. తండ్రి పేరు రాసిన చీటీ మాత్రం ఇంకా అతని చేతిలోనే చెమటకు నానుతోంది.

ఎలా అంటిస్తాడు? ఫొటోకి అడ్డంగా ఒక టైలరమ్మ నిలబడితే!

ఫొటోలో ఒక లారీ. దాని నీడలో, నిండా దుప్పటి కప్పిన స్ట్రెచరు. లారీకి ఆనుకుని టీ తాగుతూ మీసాల్లో నవ్వుతున్న సైనికుడు.

"ఈయన మా నాన్నండీ! ఇదే ఫొటో మా ఇంట్లోనూ ఉంది. నా మీసం చూడండి, అచ్చు గుద్దినట్టు లేదూ?"

"మీసం పెంచితే వస్తుంది అన్నయ్యా, చెవి పెంచితే రాదుగా!" టైలరమ్మ జుట్టు పక్కకు తీసి చూపించింది. ఆమె చెవి కూడా సైనికుడి చెవిలాగే పైన నొక్కుకుపోయి ఉంది. "ఈయన మా నాన్న."

డ్రైవరు తగ్గుతాడా? తండ్రి యుద్ధంలో పోయేనాటికి అతను పాలు తాగే పిల్లాడు. తండ్రితో పనిచేసినాయన ఆ ఫొటో తెచ్చి అమ్మ చేతిలో పెట్టి వెళ్లాడు. తండ్రంటే అతనికి ఆ ఫొటోనే. మీసం మొలిచిన దగ్గర్నుంచీ సెలూన్లో దాన్ని చూపించే కత్తిరించుకుంటున్నాడు.

"మీరిలా పట్టుబడితే ఫొటో తీసేస్తానండీ," అంది లైబ్రేరియన్.

డ్రైవరు వెనక కుర్చీలో కూర్చున్న తల్లి దగ్గరికి పరుగెత్తాడు. ఆవిడ పొద్దుట్నుంచీ ఒకటే పాట, ఇంటికి పోదాం పదరా అని.

"నువ్వు రామ్మా! కట్టుకున్నవాణ్ణి నువ్వు గుర్తుపట్టవా?"

"మీరెలా అంటే అలాగే పెద్దమ్మా," అంది టైలరమ్మ, గొంతు తగ్గించి.

ఆవిడ ఫొటో ముందుకొచ్చింది. కళ్లద్దాలు తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది.

"ఆయన ఈ అమ్మాయి నాన్నేరా."

డ్రైవరుకి ఏడుపు, కోపం కలిసి తన్నుకొచ్చాయి.

"మరి ఇదిగో మీ నాన్న అని నువ్వే చూపించావు కదమ్మా?"

"నాన్నేడీ నాన్నేడీ అని నువ్వు గుక్కపట్టి ఏడుస్తుంటే, ఆ దుప్పటి కిందున్నాడని నీకెలా చూపించనురా?"