వెంట్రుకంత ఖాళీ

“బోరు మోటార్లో నువ్వు చేసిచ్చిన బుష్షు షాఫ్టును పట్టేసింది మామా. మోటారు కాలిపాయె, చీనీ తోట ఎండిపోతాంది. చెయ్యి వణుకుతాందా ఏంది?” తొండూరు ఓబులేసు మోటారు షాఫ్టునూ, దాని చుట్టూ తొడుగులా ఉండే తడి నైలాన్ బుష్షునూ లేత్ మిషను మీద పెట్టాడు.

లేత్ షాపు యజమాని వెంకటరమణయ్య బుష్షును వెలుతురులో తిప్పి చూశాడు.

ఇంజనీరింగ్ చదువుతున్న ఆయన కూతురు సాహితి అందులోకి షాఫ్టు దూర్చి చూసింది. దిగలేదు. అదే రోజు చేసిన ఇంకో బుష్షును అరలోంచి తీసి చూసింది. సులువుగా దిగింది.

“కొలత కరెక్టుగానే ఉందప్పా…” అంటూ ఆగిపోయింది. నీళ్లలో నాని నైలాన్ ఉబ్బి, రంధ్రం ఇరుకైంది. ఆ రోజు నాన్న, “ఇత్తడి కంటే దీనికి వెంట్రుకంత ఖాళీ ఎక్కువిద్దాం పాపా” అంటే, పాతకాలం లెక్కలని నవ్వి తనే వద్దంది.

“తప్పు నాదేలే ఓబులేసూ” అన్నాడు వెంకటరమణయ్య.

“నాన్నది కాదు. ఖాళీ వద్దన్నది నేను.”

ఓబులేసు ఆమె వైపు తిరిగాడు. “ఇట్లాంటియి ఇంకెంతమందికి ఇచ్చినారు?”

“పదకొండు మందికి.”

“మరి నన్ను చూస్తా నిలబడినావేంది?”

సాహితి ఫోన్ తీసింది. “మామా, ప్రొద్దుటూరు లేత్ షాపు నుంచి మాట్లాడతాండా. ముందు మోటారు ఆపు. తప్పు నేనే చేసినా.”