చెప్పడానికొచ్చిన మనిషి

చిట్టి ముందుగదిలో మిషను దగ్గర కూర్చుని ఎవరిదో ప్యాంటు పొట్టి చేస్తోంది. పొట్ట అడ్డం వచ్చి ముందుకు వంగడమే గగనంగా ఉంది.

గుమ్మంలో ఒక పొడుగాటి మనిషి నిలబడింది. చేతిలో తెగిన సంచి.

"జిప్పు వెయ్యాలమ్మా."

"ఇవాళ కుదరదండీ. రేపు రండి."

ఆమె కదల్లేదు. చిట్టి పొట్టవైపే చూస్తోంది.

"ఎన్నో నెల?"

"ఏడు."

"రక్తపరీక్ష చేయించుకున్నావా?"

"మీకెందుకండీ?"

ఆమె గొంతు తగ్గించింది.

"మీ ఆయన లారీ మీద ఊళ్లు తిరిగే మనిషి. సుఖరోగమని ఒకటుందమ్మా. పైకేమీ కనిపించదు. మొగుడి నుంచి పెళ్లానికి, పెళ్లాం నుంచి కడుపులో బిడ్డకి పాకుతుంది. ముందే తెలిస్తే సూదిమందుతో పోతుంది. ఆసుపత్రికి నేను తోడొస్తాను, రా."

చిట్టికి ఒళ్లు మండింది.

"మా ఆయన లారీ తోలతాడని నీకెవరు చెప్పారు?"

ఆమె తల దించుకుంది.

అంతే, చిట్టికి అంతా అర్థమైపోయినట్టనిపించింది. ఇది ఆయనతో తిరిగిన మనిషే. పచ్చటి కాపురంలో నిప్పులు పొయ్యడానికొచ్చింది.

"నడు బయటికి" అంటూ సంచి లాక్కుని వీధిలోకి విసిరేసింది.

భర్త ట్రిప్పు నుంచి వచ్చాక చెప్పింది. అతను అన్నం తినడం ఆపి, మళ్లీ మొదలుపెట్టాడు.

"ఎవరో పిచ్చిది. దాని మాట పట్టుకుని పరీక్షలకెళ్తే, లేని రోగం నలుగురూ అంటగడతారు."

చిట్టి నమ్మింది. నమ్మకుండా కాపురం చెయ్యడం ఆమెకు తెలియదు.

తర్వాతి వారం ఆ మనిషి మళ్లీ వచ్చింది. ఈసారి అత్త ఎదురెళ్లింది. ఎవరు, ఏమిటి అని కూడా అడక్కుండా చెంబెడు నీళ్లు మొహాన కొట్టి తలుపేసింది.

"ఒక్కసారి పరీక్ష చేయించండి" అని తలుపవతల నుంచి కాసేపు వినిపించింది. తర్వాత అదీ లేదు.

అత్త తన పక్షాన నిలబడిందని చిట్టి మురిసిపోయింది.

ఎనిమిదో నెలలో కడుపులో బిడ్డ కదలడం మానేసింది.

ఆడపిల్ల. ఏడవలేదు. నర్సు గుడ్డలో చుట్టి ఒక్కసారి చూపించి తీసుకెళ్లిపోయింది.

"మీ రక్తంలో సిఫిలిస్ ఉందమ్మా. సుఖరోగం. అదే బిడ్డకీ సోకింది" అంది డాక్టరు. "కనీసం పోయిన నెల వచ్చి సూదిమందు వేయించుకున్నా, బిడ్డ దక్కేదేమో. ఇప్పుడైనా మందు వాడితే మీకు నయమవుతుంది. మీ ఆయన కూడా వేయించుకోవాలి."

"నాకే రోగమూ లేదు" అన్నాడతను గోడకేసి చూస్తూ. బయటికి వెళ్లినవాడు మళ్లీ రాలేదు. సాయంత్రం లోడు ఎత్తుకుని వెళ్లిపోయాడని ఎవరో చెప్పారు.

మంచం పక్కన స్టూలు మీద అత్త కూర్చుంది. కోడలి మొహం చూడకుండా గొణిగింది.

"మా రాత. దీని కడుపు కూడా అంతే."

చిట్టి కళ్లు తెరిచింది.

"కూడా అంటే?"

అత్త స్టూలు మీంచి లేవబోయింది.

"అత్తయ్యా, మీరు నీళ్లు కొట్టి పంపేసిన ఆ మనిషి ఎవరు?"

అత్త తన చేతులకేసి చూసుకుంది.

"నీకంటే ముందు మా ఇంటి కోడలు. రెండు కాన్పుల్లోనూ చచ్చిన బిడ్డలే పుట్టారని మేమే వెళ్లగొట్టాం."