ఉమ్ కుతైబా అభిప్రాయం

“నన్ను కాదమ్మా, మా వాణ్ణి అడుగు,” అంది ఉమ్ కుతైబా, బియ్యం కూరి చుట్టడానికి ద్రాక్షాకుల గిన్నె దగ్గరికి లాక్కుంటూ.

“కుదరదు పిన్నీ. ఇంట్లో పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లలో ఎవరి పుట్టినరోజు ముందొస్తే వాళ్లనే అడగాలి. అది మా సర్వే రూలు. మీదే ముందొచ్చింది,” అంది రుదైనా ట్యాబ్ తెరుస్తూ.

“నా పుట్టినరోజు ఎవడికి గుర్తుంది? కార్డులో మా నాన్న నోటికొచ్చిన తేదీ వేయించాడు. పోనీ, వాడిది రేపే అనుకోరాదూ?”

“అనుకుంటే నా ఉద్యోగం ఊడుతుంది పిన్నీ.”

నబ్లూస్ పాతబస్తీలో ఆ మెట్లన్నీ ఎక్కి వచ్చేసరికే రుదైనాకి ఆయాసం వచ్చింది. తట్టిన ప్రతి తలుపు దగ్గరా ఇదే తంతు. యుద్ధమా, శాంతా అనగానే పక్కింటివాళ్లని అడగమంటారు. కానీ ఈవిడ తప్పించుకోడానికి బతిమాలుతున్నట్టు లేదు. వంటింటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

“నా బాధ నీకేం తెలుసు తల్లీ! యమాన్ నాతో మాట్లాడటం మానేశాడు. వాడి స్నేహితులొస్తారు, మేడ మీదికి పోతారు, ఒకటే గుసగుసలు. ఏంట్రా అంటే ‘ఏం లేదమ్మా’ అంటాడు. వాడి మనసులో తుపాకీ ఉందో ఇంకేముందో, కన్నదాన్ని, నాకే తెలీదు. నువ్వడిగితే చెప్తాడేమో. ఒక్కసారి అడుగమ్మా. అల్లా నిన్ను చల్లగా చూస్తాడు.”

ఆవిడ కళ్లలో నీళ్లు. రుదైనాకి జాలేసింది. జాలితో సర్వేలు నడవవు కదా!

“అడిగినా, మీ అబ్బాయి జవాబు మీకు చెప్పకూడదు పిన్నీ. మీరు చెప్పేది కూడా ఇంకెవరూ వినకూడదు. కాసేపు అబ్బాయిని బయటికి పంపిస్తారా?”

ఇంతలో యమాన్ వంటింట్లోంచి తల బయటపెట్టాడు. నూనూగు గడ్డం కుర్రాడు. “టీలో పుదీనా వెయ్యనా అక్కా?” అని అడిగి, జవాబు కోసం ఆగకుండా మళ్లీ లోపలికి పోయాడు.

ఉమ్ కుతైబా కళ్లు తుడుచుకుంది. ఏదో తట్టినట్టు ఒక్క క్షణం కొడుకు వెళ్లిన వైపే చూసింది. “సరే, నన్నే అడుగు. వాణ్ణి అక్కడే ఉండనీ. టీ కాచేటప్పుడు పక్కన పిడుగు పడ్డా వాడికి వినపడదు.”

ఆ వంటింటికి తలుపు లేదు, తెర ఒక్కటే. రుదైనా ఒప్పుకోకూడదు. కానీ ఆవిడ అప్పటికే గుప్పెడు ఆకులు తీసి ఆ పిల్ల ఒళ్లో పెట్టేసింది, నువ్వూ చుట్టు అని. ఆ ఇంటి పని అందుకున్నాక ఇంకేం పేచీ పెడుతుంది?

“ఆక్రమణ పోవాలంటే ఏది సరైన దారంటారు? చర్చలా, ఆయుధాల్లేని ఉద్యమమా, ఆయుధమా?”

“ఆయుధం!”

ఆ కేకకి రుదైనా ఉలిక్కిపడింది. పాపం, కాస్త చెవుడేమో అనుకుంది.

“పక్కపక్కన రెండు దేశాలుగా బతకడానికి ఒప్పుకుంటారా?”

“ఛస్తే ఒప్పుకోను!”

“పోనీ, శాంతి ఒప్పందం ఏదైనా...”

“ఒప్పందమా, నా బొందా! ఇంటికొక మగాడు తుపాకీ పట్టుకుని బయల్దేరాలి. మా ఇంట్లోనూ ఉన్నాడుగా ఒకడు, తిని కూర్చుని!”

రుదైనా వేలు ట్యాబ్ మీదే ఆగిపోయింది. ఇందాక కొడుకు కోసం కళ్లనీళ్లు పెట్టుకున్న తల్లి ఈవిడేనా? ట్యాబ్ ముందు కూర్చోగానే వీరావేశం వచ్చేవాళ్లని ఆ పిల్ల చాలామందినే చూసింది. అయినా, కడుపున పుట్టినవాణ్ణి ఇలా ఎగదోసే మనిషిని చూడలేదు. నిజంగానే ఒళ్లు మండింది.

వంటింట్లో గ్లాసు భళ్లుమంది. తెర లాగేసి యమాన్ గదిలోకి వచ్చాడు.

“అమ్మా! నీకేమైనా పిచ్చా? ఏం చెప్తున్నావు ఆవిడకి?”

“నా అభిప్రాయం. నన్నడిగింది, చెప్పాను. నీకెందుకు?”

“నాకెందుకా? తుపాకీ పట్టుకుని పోయిన కుతైబా అన్నయ్య ఫొటో ఒక్కటి చాల్లేదా? పక్కన నాది కూడా తగిలించుకుంటావా?” వాడు గోడ వైపు వేలు చూపించాడు. “చెక్‌పోస్టులో సైనికులు నిలబెట్టి జేబులు తిప్పించిన ప్రతిసారీ నాకూ రక్తం ఉడుకుతుంది. కాదన్ను. అయినా నాకు చావాలని లేదు. ఎవణ్ణీ చంపాలనీ లేదు. మాట్లాడైనా, వీధుల్లో బైఠాయించైనా ఈ ఆక్రమణని వదిలించుకోవాలి. మేడ మీద రోజూ వాళ్లతో ఇదే గొడవ. పిరికిపంద అంటున్నారు నన్ను. నువ్వూ అదే మాటంటావని భయపడి నీ దగ్గర నోరు విప్పలేదు. కుతైబాని కన్నదానివి కదా, నీకూ అలాంటి కొడుకే కావాలేమో అనుకున్నాను.”

ఉమ్ కుతైబా చేతిలోంచి ఆకు జారిపోయింది.

“ఇలా రారా,” అంది.

వాడు రాలేదు. ఆవిడే లేచి వెళ్లి, వాణ్ణి వాటేసుకుని, బియ్యపు గింజలంటిన చేత్తోనే తల నిమిరింది. ఆ తడిచేతికి వాడి జుట్టంతా గింజలయింది. “నా తండ్రే, నా బంగారమే” అంటూ బావురుమంది. అంత పెద్దవాడూ తల్లి భుజం మీద వాలిపోయి ఏడ్చేశాడు. వాళ్లని చూసి రుదైనాకీ ఏడుపొచ్చింది. చూడనట్టు తలొంచుకుని, ఒళ్లో ఉన్న ఆకులు గబగబా చుట్టేసింది.

కాస్త తెరిపిన పడ్డాక, ముక్కు తుడుచుకుని మెల్లగా అడిగింది.

“పిన్నీ, మీరు చెప్పినవన్నీ ఎక్కించేశాను. ఇప్పుడు జవాబులు మార్చుకుంటారా?”

“మార్చుకోడమేంటి తల్లీ, నేనింకా జవాబే చెప్పలేదుగా!” అంది ఉమ్ కుతైబా, కొడుకు జుట్టులో గింజలు ఏరుతూ. “ఇందాకంతా నువ్వు నన్నడుగుతుంటే, నేను వాణ్ణడిగాను.”