ఇరవై మీటర్ల వంపు

"ఈ రెంటిలో ఏది బాబాయ్?"

మంచులో గుచ్చిన రెండు స్నోబోర్డుల మధ్య నిలబడి అడిగింది జార్య. లుడ్విక్ వంగి బొటనవేలి గోటితో మంచును గీకి చూశాడు. గోరు జారిపోయింది. పొద్దున మెత్తగా ఉన్న రోగ్లా కొండ వాలు మధ్యాహ్నపు గాలికి గాజులా బిగుసుకుపోయింది.

ఇక మిగిలింది ఆఖరి పందెం. పక్కపక్కనే రెండు దారులు, ఒకటి ఎర్ర జెండాలది, ఒకటి నీలం జెండాలది. ముందు కిందికి చేరినవాళ్ళకి ఒలింపిక్స్ జట్టులో మిగిలిన ఒకే ఒక్క చోటు. జార్య బోర్డుల అంచులు పదును పెట్టడం, ఎప్పుడు ఏది కట్టాలో చెప్పడం లుడ్విక్ పని.

"పదహారు," అన్నాడు చివరికి.

బోర్డు నడుం దగ్గర సన్నగా ఉంటుంది. ఆ అంచు వంపును నిండు వలయంగా గీస్తే దాని వ్యాసార్ధం ఎన్ని మీటర్లో, ఆ అంకె అది.

"పదహారా! పొద్దుట్నుంచీ ఇరవైతోనే కదా గెలుస్తున్నా?"

"పొద్దుటి మంచు వేరు. ఇరవైది పెద్ద చుట్టు తిరగాలని చూస్తుంది. పైన దాన్ని అందుకోలేం, నిజమే. కింద జెండాలు దగ్గరదగ్గరగా పాతారు చూడు. అక్కడ బలవంతాన తిప్పావా, ఈ గట్టి మంచు మీద అంచు పట్టు వదిలేస్తుంది. పదహారు పైన కాస్త వెనకబడినా కింద నీ మాట వింటుంది."

జార్య తన ప్రత్యర్థి నిలబడ్డ నీలం దారి వైపు చూసింది.

"టింకారా ఇరవయ్యే కట్టుకుంటోంది."

"చూశాను."

"ఆమెకి ఎవరూ చెప్పలేదా?"

"అది వాళ్ళ క్లబ్బువాళ్ళు చూసుకోవాలి."

జార్య గొంతు తగ్గించింది. "వెళ్ళి ఒక్క మాట చెప్పిరా బాబాయ్. నేనేం అనుకోను."

లుడ్విక్ ఆమె బూటు బిగించాడు. బిగించిన పట్టీనే మళ్ళీ లాగి చూశాడు.

"ఇవాళ నేను నీ మనిషిని. మాట్లాడకు. మొదటి జెండా చూడు."

గేట్లు తెరుచుకున్నాయి. టింకారా రివ్వున ముందుకు దూసుకుపోయింది. సగం కొండ దాకా జార్య ఆమె వీపు చూస్తూనే దిగింది. తర్వాత జెండాలు దగ్గరపడ్డాయి. జార్య బోర్డు ఒక్కో మలుపునూ కోసుకుంటూ పోయింది. పక్క దారిలో కర్రుమని చప్పుడైంది. టింకారా అంచు జారి, పక్కకి ఒరిగి, కంచెగా కట్టిన వల దాకా దొర్లుకుంటూ పోయింది.

కింద జనం జార్యను భుజాలకెత్తుకున్నారు. పైనుంచి దిగి వచ్చిన లుడ్విక్ అటు వెళ్ళలేదు. వల దగ్గర కూలబడి ఉన్న టింకారా పక్కన కూర్చుని, ఆమె జుట్టులోని మంచు దులిపాడు.

"దెబ్బ తగిలిందా?"

"లేదు." ఆమె తలెత్తలేదు. "ఇరవై తప్పని నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

ఎర్ర జెండాల వైపు నుంచి కేకలు వినిపిస్తున్నాయి. టింకారా బోర్డు కట్లు విప్పుకుంది. అతని భుజం ఊతంగా పట్టుకుని లేచింది.

"ఇంటికి పద, నాన్నా."