సగం బెల్లం

"చీపురు పట్టినదానివి ఊడ్వు. ఇంజనీరు సారుకే సుద్దులు చెప్తవా?" అని పరశురాములు కసిరాడు.

సుక్కమ్మను చూస్తేనే అతనికి కంపరం. ఎక్సైజు కానిస్టేబులుగా ఉన్నప్పుడు ఆమె గుడుంబా కుండలు మూడుసార్లు పగలగొట్టాడు. రిటైరై జడ్చర్ల దగ్గర ఇథనాల్ ఫ్యాక్టరీలో గార్డుగా చేరితే, ఇక్కడా ఆ మొహమే!

చిక్కటి చెరుకుపాకం పోసిన మూడో ట్యాంకు కూడా పులిసీ పులవకుండా చచ్చుబడింది. ఇంజనీరు కృష్ణకాంత్ ఉద్యోగం ఊడేలా ఉంది.

"ఆమెను చెప్పనివ్వు," అన్నాడతను.

"గంత తీపి ఒక్కపారే పోస్తే ఈస్టుకు ఊపిరాడది సారూ. ముందుగాల సగమే పల్చగ కలిపి పొయ్యి. నురగ లేసినంక మిగిలింది జరంత జరంత పొయ్యి."

"ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"

"గీ గార్డునే అడుగు. నా కుండల పక్కన ఏం దొరికేదో!"

పరశురాములుకు గుర్తొచ్చింది. ప్రతిసారీ సగం బెల్లం విడిగా ఉండేది. మరోసారి కాచడానికి దాచిందని కేసులో రాసింది తనే. అది ఇంకో కుండకు కాదు, ఆ కుండకే.

సుక్కమ్మ చీపురు అందుకుంది.

"మూడుపార్లు నా కుండలల్ల తలకాయ పెట్టి సూసినవు. గింత సోయి రాలేదా నీకు?"