భ్రమరాంబ ఆంటీ క్యారియర్

“ముందు అన్నం తిను నీలిమా,” అంది భ్రమరాంబ ఆంటీ, క్యారియర్ గిన్నెలు ఒక్కొక్కటే విడదీస్తూ.

“తినను ఆంటీ.”

“మామిడికాయ పప్పు. నీకిష్టమని చేశా.”

“నా కొడుక్కి ఏమైందో చెప్పండి. అప్పుడు తింటా.”

“ఏమీ కాలేదే తల్లీ. దారిలో ఉన్నాడు, వస్తున్నాడు.”

నీలిమ నమ్మలేదు. ఎలా నమ్ముతుంది? ఆస్ట్రేలియాలో, డార్విన్‌కి మూడు గంటల దూరంలో ఉన్న ఆ చిన్న ఊళ్లో, పిలవకుండా ఆంటీ క్యారియర్‌తో వచ్చిందంటే దానర్థమేమిటో తెలుగువాళ్లందరికీ తెలుసు.

ఊరి కమ్యూనిటీ రేడియోలో ఆదివారం సాయంత్రాలు తెలుగు కార్యక్రమం ఏళ్ల తరబడి నడిపింది ఆంటీ. రిటైరయ్యాక మైకు వదిలిందిగానీ ఒక పని మాత్రం ఆమెను వదల్లేదు. ఎవరికి చెడ్డ కబురొచ్చినా చెప్పడానికి ఆమెనే పంపేవారు. వారం వారం విన్న గొంతు కదా, ఆవిడ చెబితే తట్టుకుంటారని. ఆంటీ పద్ధతి ఒకటే. కబురు తిన్నాకే చెప్పాలి. విన్నాక ఎవరికీ ముద్ద దిగదు. డాక్టర్ శ్రీపతిగారి తండ్రి పోయినప్పుడు కూడా, దగ్గర కూర్చుని చపాతీలు తినిపించి, చెయ్యి కడుక్కోనిచ్చి, అప్పుడు చెప్పింది.

అంటే తినకపోతే కబురు లేదు. నీలిమ చేతులు కట్టుకుని బిగుసుకుపోయి కూర్చుంది.

మధ్యాహ్నం, డార్విన్‌లో చదువుకుంటున్న కొడుకు అఖిల్‌కి ఫోన్ కలవకపోవడంతో మొదలైంది ఇదంతా. రూమ్మేట్‌ని అడిగితే, ఇప్పుడే కారేసుకుని హడావిడిగా వెళ్లాడన్నాడు. రేపు యూనివర్సిటీలో పరీక్ష పెట్టుకుని, ఈ వానలో, రోడ్లమీద నీళ్లు పారుతుంటే ఎక్కడికి? హాస్పిటల్లో డ్యూటీలో ఉన్న భర్త హేమచంద్రకి చేసింది.

“ఆంటీ వచ్చారా?” అన్నాడాయన.

“ఏ ఆంటీ?” అనేలోపు బెల్ మోగింది.

“ఆవిడ చెప్పినట్టు విను,” అని పెట్టేశాడు.

లోపలికి రాగానే ఆంటీ చేసిన మొదటి పని నీలిమ ఫోన్ తీసుకుని తన హ్యాండ్‌బ్యాగ్‌లో పడేసుకోవడం. “డ్రైవింగ్‌లో ఉన్నవాడికి ఊరికే మోగించకు,” అంది.

నీలిమకు భయాలు కొత్త కాదు. వానాకాలం వస్తే పెరట్లోకి మొసలి వస్తుందని భయం, ఫ్యాన్ ఊడి పడుతుందని భయం. సిడ్నీలో, రౌస్ హిల్‌లో ఉండే అన్నయ్య శేషాచలం రోజూ పొద్దున్నే మెట్రో ఎక్కగానే ఫోన్ చేసి, “ఇవాళ్టి భయం ఏంటమ్మా?” అని అడుగుతాడు. చెబితే పక్కవాళ్లు తిరిగి చూసేలా నవ్వుతాడు. మొన్న ఆదివారం గుండెల్లో మంటగా ఉందని ఆయనే అంటే ఆమెకు కంటిమీద కునుకు లేదు. తీరా మిరపకాయ బజ్జీల గ్యాసని తేల్చేశాడు. ఆమె భయపడింది ఇంతవరకూ ఒక్కటీ జరగలేదు.

ఆంటీ కిటికీ పక్కన కూర్చుంది. రోడ్డు వంక చూస్తూ మొదలుపెట్టింది.

“రేడియో అంటే పాటలేస్తే చాలనుకున్నా. ఒకసారి ఎవరిదో గృహప్రవేశం. పంతులుగారు వరదలో ఇరుక్కుపోయారు. రేడియోలో నన్ను చదవమన్నారు మంత్రాలు. పుస్తకం చూసి చదివా. ఇప్పుడు కొబ్బరికాయ కొట్టండి అంటే ఊళ్లో నాలుగిళ్లలో కొట్టారట. అందులో రెండు అద్దె ఇళ్లు.”

నీలిమ నవ్వలేదు.

“ఇంకోసారి మామిడి తోటలో పనిచేసే అబ్బాయి, పోపు ఎలా వెయ్యాలని ఫోన్ చేశాడు. లైన్లో ఉంచి చెబుతున్నా. ఆవాలు చిటపటమన్నాయి, వెనకాలే ఫైర్ అలారం కూసింది. ఊరంతా విన్నారు. వంటలు నేర్పా, సంబంధాలు కుదిర్చా, అలిగి స్టేషన్‌కొచ్చిన మొగుళ్లని బుజ్జగించి ఇంటికి పంపా. ఎవరిచ్చారు నాకీ ఉద్యోగాలు?”

“చావు కబుర్లు చెప్పే పని కూడా ఎవరూ ఇవ్వలేదా?”

“అది మాత్రం నేను కోరుకోలేదమ్మా. ఒకసారి సరిగ్గా చెప్పామంటే ఇంక అది మన నెత్తినే.”

“చెప్పేటప్పుడు భయం వెయ్యదా?”

“చెప్పేటప్పుడు వెయ్యదు. ఇలా కూర్చున్నప్పుడే.”

నీలిమ కంచాన్ని అవతలికి తోసింది.

“అయితే నేను తినను. మీరెంతసేపు కూర్చున్నా సరే.”

“కూర్చుంటా. నాకు మాత్రం ఏం పనుంది?”

“రేపటిదాకా తినను.”

“మొండిదానివే. మంచిదే, పనికొస్తుంది,” అంటూ లేచి, చల్లారిన పప్పుని మళ్లీ మైక్రోవేవ్‌లో పెట్టింది ఆంటీ.

అది వేడెక్కేలోపు వాకిట్లో కారు ఆగింది.

అఖిల్ వానలో తడుస్తూ దిగాడు. నీలిమ పరుగెత్తి వాడి తల, భుజాలు, చేతులు తడిమింది. “దెబ్బలేమైనా తగిలాయారా?”

“ఐ యామ్ ఫైన్ మా,” అన్నాడు.

తెలుగు అంతా అర్థమైనా ఏనాడూ తెలుగులో జవాబివ్వని కొడుకు. ఆ ఇంగ్లిషు ముక్క ఆమెకు ఇంత తియ్యగా ఎప్పుడూ వినపడలేదు. వాడు ఆమెను కావలించుకుని చాలాసేపు వదల్లేదు.

“చూశారా ఆంటీ, ఊరికే నా ప్రాణం తీశారు,” నవ్వుతూ కళ్లు తుడుచుకుని కంచం ముందు కూర్చుంది నీలిమ. “క్యారియర్ పట్టుకుని మీరొస్తే ఎవరైనా ఏమనుకుంటారు? పెట్టండి, ఆకలి దంచేస్తోంది.”

ఆంటీ వేడి వేడి పప్పు వడ్డించింది. నీలిమ అన్నం కలుపుతూ ఎడమచెయ్యి చాచింది.

“నా ఫోనివ్వండి. అన్నయ్యకి చెప్పాలి. ఇది విన్నాడంటే నెల్లాళ్లు నవ్వుతాడు. అసలివాళ పొద్దున ఆయన ఫోనే రాలేదు, ఈ గొడవలో ఆ సంగతే మర్చిపోయా.”

ఆంటీ హ్యాండ్‌బ్యాగ్ తెరవలేదు. అఖిల్ బూట్లయినా విప్పకుండా వచ్చి, తల్లి పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“ముందు అన్నం తినమ్మా,” అన్నాడు, తెలుగులో.